ఎత్తుకు లేస్తుండగా ఆగిపోయే గ్లో ఇంజను: నీడిల్ మీద చెయ్యి వేసే ముందు చూడవలసినవి

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను, ఎందుకంటే జవాబులో సగభాగం అందులోనే ఉంది. మీ దగ్గర ఉన్నది 4 సీసీ గ్లో ఇంజను, అంటే మన వాళ్ళు పాయింట్ 25 (0.25 ఘనపు అంగుళాలు) అని పిలిచేది. రెక్క పైభాగాన ఉండే 50 అంగుళాల ట్రైనర్ (నేర్చుకునేవారి మోడల్ విమానం) మీద 9 బై 6 (9 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల పిచ్) ప్రొపెల్లర్‌తో అది నడుస్తోంది. మొదటి పదిహేను సార్లు విమానం చక్కగా ఎగిరింది. తర్వాత ఒకరోజు దిగేటప్పుడు వేరుశనగ చేలో ముక్కు గుచ్చుకుని ప్రొపెల్లర్ విరిగింది. కొత్తది బిగించాక ఇంజను రెండో విసురుకే అందుకుంటోంది, నేల మీద ఫుల్ థ్రోటిల్‌లో నిమిషం పాటు గట్టిగా మోగుతోంది, కానీ గాలిలోకి లేచి ముప్పై మీటర్లు ఎక్కేలోపు శబ్దం సన్నబడి ఆగిపోతోంది. ఇలా మూడుసార్లు జరిగింది. రెండో ఫిర్యాదు ఏమిటంటే, అరనిమిషం ఐడిల్‌లో, అంటే అతి తక్కువ వేగంలో, ఉంచి థ్రోటిల్ తెరిస్తే ఇంజను గుడగుడలాడి, సైలెన్సర్ నుంచి ఇంధనం కారుస్తూ చస్తోంది. ఐడిల్ రిచ్‌గా, అంటే గాలికి మించిన ఇంధనంతో, ఉందని ఎవరో చెబితే కార్బురేటర్ పక్కనున్న చిన్న స్క్రూను మీరు బిగిస్తూ వచ్చారు, అయినా పరిస్థితి ఇంకా పాడైంది. రెండు కొత్త ప్లగ్‌లు మార్చారు. ఇప్పుడు కార్బురేటర్ కొత్తది కొనాలా, ఇంజనునే అమ్మేయాలా అని అడుగుతున్నారు.

రెండూ అక్కర్లేదు. మీ ఇంజను ఆరోగ్యంగా ఉందని మీరు రాసినదాన్ని బట్టే తెలుస్తోంది, ఎందుకంటే కంప్రెషన్ పోయిన ఇంజను గాని, ప్లగ్ పోయిన ఇంజను గాని రెండో విసురుకు అందుకోదు, ఫుల్ థ్రోటిల్‌లో నిమిషం నిలవదు. మీకు ఉన్నవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు లోపాలు. ఎక్కేటప్పుడు ఆగిపోవడానికి కారణం ట్యాంకులో ఉంది, ఐడిల్ చెడిపోవడానికి కారణం ఆ చిన్న స్క్రూను తిప్పిన దిక్కులో ఉంది. రెంటినీ కలిపి ఒకే జబ్బుగా చూసినంతకాలం ఒకటి సరిచేస్తే రెండోది చెడుతూ ఉంటుంది.

కారణం అర్థం కావాలంటే గ్లో ఇంజను నడిచే తీరు కొంత తెలియాలి. పెట్రోలు ఇంజనులో లాగా ఇందులో నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటు లేదు. ప్లగ్‌లో ప్లాటినం కలిసిన సన్నని తీగచుట్ట ఉంటుంది. దానిని ముందు 1.5 వోల్టుల బ్యాటరీ ఎర్రగా కాలుస్తుంది. ఇంజను అందుకున్నాక బ్యాటరీ తీసేసినా, మిథనాల్ ఆవిరికీ ప్లాటినానికీ మధ్య జరిగే చర్య వల్లా, అంతకుముందు పేలుడు మిగిల్చిన వేడి వల్లా ఆ తీగ కణకణలాడుతూనే ఉంటుంది. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ ఈ ప్లగ్‌ను అమ్మకానికి తెచ్చే వరకు చాలా మోడల్ విమానాలు కాయిల్, కండెన్సర్, బ్యాటరీలను మోసుకుంటూ ఎగరవలసి వచ్చేది. ఆ బరువు తప్పింది గాని, పేలుడు ఏ క్షణాన జరగాలో నిర్ణయించే పరికరం కూడా దానితోనే పోయింది. గ్లో ఇంజనులో ఆ క్షణాన్ని నిర్ణయించేవి ప్లగ్ వేడి, కంప్రెషన్, ఇంధనానికీ గాలికీ ఉన్న పాళ్ళు. వీటిలో మైదానంలో మన వేలికి అందేది పాళ్ళు ఒక్కటే. ఇంధనం తగ్గితే, అంటే ఇంజను లీన్ అయితే, వేడి పెరుగుతుంది, పేలుడు ముందుకు జరుగుతుంది, ఇంజను లాగలేక ఆగుతుంది. నూనె కూడా ఇంధనంలోనే కలిసి వస్తుంది కాబట్టి ఇంధనం తగ్గడమంటే కందెన తగ్గడం కూడా. అందుకే లీన్‌గా నడిచిన ప్రతి నిమిషమూ పిస్టన్‌కూ లైనర్‌కూ హాని చేస్తుంది.

నేల మీద బాగా నడిచే ఇంజను గాలిలో లీన్ కావడానికి సహజంగానే రెండు కారణాలు ఉన్నాయి. విమానం వేగం అందుకున్నాక ప్రొపెల్లర్ మీద భారం తగ్గి ఇంజను ఇంకా వేగంగా తిరుగుతుంది, దానికి తగ్గట్టు ఇంధనం కూడా ఎక్కువ కావాలి. ఇది మొదటి కారణం. ముక్కు పైకెత్తి ఎక్కేటప్పుడు, ఇంజను వెనుక ఉన్న ట్యాంకు ఇంజనుకు కిందికి వస్తుంది. సమతలంగా ఉన్నప్పుడు దాదాపు ఒకే మట్టంలో ఉన్న ఇంధనాన్ని ఇప్పుడు ఎనిమిది పది సెంటీమీటర్ల ఎత్తుకు లాగాలి. సైలెన్సర్ నుంచి ట్యాంకుకు వచ్చే కొద్దిపాటి ఒత్తిడి తప్ప దానికి వేరే సాయం లేదు. ఇది రెండో కారణం. పెద్ద ఇంజనుల కంటే మీలాంటి చిన్న ఇంజనులకు ఇది ఎక్కువ కష్టం, ఎందుకంటే వాటి కార్బురేటర్ చూషణ బలం తక్కువ, నీడిల్ (ఇంధనం ఎంత పోవాలో సర్దే సూదిలాంటి స్క్రూ) దగ్గర ఇంధనం పోయే సందు వెంట్రుకంత సన్నం.

అయినా మీ విషయంలో ఈ రెండు కారణాలే అయితే మొదటి పదిహేను ఎగురవేతలు అంత బాగా జరిగేవి కావు. ముక్కు గుచ్చుకున్న రోజు తర్వాతే ఈ లోపం మొదలైంది, మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన మాట అదే. ట్యాంకు లోపల సిలికాన్ గొట్టం చివర ఒక చిన్న ఇత్తడి బరువు వేలాడుతూ ఉంటుంది, దాన్ని క్లంక్ అంటాం. విమానం ఎటు వంగితే అటు ఇంధనంతోపాటు ఆ బరువు కూడా జారి, గొట్టం మూతి ఎప్పుడూ ఇంధనంలోనే మునిగి ఉండేలా చూస్తుంది. విమానం ముక్కు నేలకు కొట్టుకుని ఒక్కసారిగా ఆగితే ఆ బరువు అదే ఊపులో ముందుకు ఎగిరి, గొట్టం మధ్యలో మడతపడి, ట్యాంకు ముందు గోడ దగ్గర ఇరుక్కుంటుంది. అది మళ్ళీ తనంతట తాను వెనక్కి రాదు. నేల మీద ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ముందువైపు కూడా ఇంధనం ఉంటుంది కాబట్టి ఇంజను ఏ లోపమూ లేనట్టే నడుస్తుంది. పరుగు తీసి ముక్కు ఎత్తగానే ఇంధనం వెనక్కి పోతుంది, క్లంక్ మాత్రం ముందు గాలిలో తేలుతుంది. ఇంజను గాలి పీల్చి ఆగిపోతుంది.

ఇది నిజమో కాదో ట్యాంకు బయటికి తీయకుండానే చూడవచ్చు. ట్యాంకును సగం నింపి, కార్బురేటర్‌కు వెళ్ళే గొట్టాన్ని ఊడదీసి దానికి ఒక సిరంజి తగిలించండి. ఎవరినైనా విమానాన్ని ముక్కు ఆకాశం వైపుకు ఉండేలా నిలువుగా పట్టుకోమని, మీరు సిరంజిని మెల్లగా వెనక్కి లాగండి. ఇంధనం నిండుగా వస్తే క్లంక్ సరైన చోటే ఉంది. గాలి, బుడగలు వస్తే మీ మూడు పతనాలకూ కారణం దొరికినట్టే. నోటితో మాత్రం ఎప్పుడూ లాగవద్దు. మిథనాల్ కొద్దిగా కడుపులోకి పోయినా చూపు పోతుంది, ఇంకొంచెం పోతే ప్రాణమే పోతుంది. కల్తీ సారా వార్తల్లో మనం చదివే మరణాలకు చాలాసార్లు కారణం ఈ ద్రవమే.

క్లంక్ ముందుకు వచ్చిందని తేలితే ట్యాంకు తీసి, సిలికాన్ గొట్టాన్ని మార్చి, ఆ గొట్టం మధ్యలో రెండు మూడు సెంటీమీటర్ల ఇత్తడి గొట్టం ముక్క ఒకటి ఇమడ్చండి. అప్పుడు క్లంక్ పక్కలకూ పైకీ కిందికీ స్వేచ్ఛగా ఊగుతుంది గాని, మడతపడి ముందుకు రాలేదు. క్లంక్‌కూ వెనుక గోడకూ మధ్య అర సెంటీమీటరు ఖాళీ ఉండాలి. గోడకు ఆనితే అక్కడే అతుక్కుని ఇంధనం అందదు.

ట్యాంకు బయటికి తీశారు కాబట్టి మరొక పరీక్ష కూడా తప్పక చేయండి. నేను ఒక 2.5 సీసీ ఇంజనుతో దాదాపు రెండు నెలలు బాధపడ్డాను. అది ఎప్పుడూ ఎగురవేత మధ్యలో, సరిగ్గా నాలుగో నిమిషం దాటాక ఆగిపోయేది. మూడు ప్లగ్‌లు మార్చాను, కార్బురేటర్ విప్పి స్పిరిటుతో కడిగాను, నీడిల్‌ను రోజుకొక చోట పెట్టాను. చివరికి ట్యాంకు గొట్టాలలో ఒకటి తప్ప మిగతావి మూసి, ఆ ఒక్కదానిలోంచి సిరంజితో గాలి ఎక్కిస్తూ బకెట్టు నీళ్ళలో ముంచాను. బయట ఎక్కడా బుడగ రాలేదు. అప్పుడు మూత విప్పి లోపలి సిలికాన్ గొట్టాన్ని కూడా అదే విధంగా నీళ్ళలో పెట్టి, క్లంక్ మూతిని వేలితో మూసి గాలి ఎక్కిస్తే, ఇత్తడి గొట్టం అంచుకు ఆనుకుని ఉన్న చోట దారంలాగా వరుసగా సన్నని బుడగలు లేచాయి. నేను ఇత్తడి గొట్టాన్ని కోసినప్పుడు అంచును ఆకురాయితో నున్నగా చేయలేదు, ఆ పదునైన అంచు కంపనానికి సిలికాన్‌ను కొద్దికొద్దిగా కోసి సూదిమొనంత రంధ్రం చేసింది. ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు ఆ రంధ్రం ఇంధనంలో మునిగి ఉండి ఇంధనాన్నే పీల్చేది, మట్టం సగానికి దిగగానే గాలి పీల్చేది. అందుకే సరిగ్గా నాలుగో నిమిషం. ఇంజను ముక్కు ఎత్తగానే ఆగితే క్లంక్‌నూ, ఎప్పుడూ ఒకే మట్టం దగ్గర ఆగితే లోపలి రంధ్రాన్నీ, వేళాపాళా లేకుండా ఆగితే మూత రబ్బరునూ బయటి గొట్టాలనూ ముందు అనుమానించాలని ఆ రెండు నెలల తర్వాత నాకు తెలిసింది.

ట్యాంకు తిరిగి అమర్చేటప్పుడు దాని మధ్య రేఖ, కార్బురేటర్ లోపల ఇంధనం చిమ్మే నాళం కంటే అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు కిందికి ఉండేలా చూడండి. మరీ కిందికి ఉంటే ఎగురవేత చివరికి వచ్చేసరికి లీన్ అవుతుంది, మరీ పైకి ఉంటే ఆగి ఉన్న ఇంజనులోకి ఇంధనం తనంతట తానే జారి సిలిండరు నిండుతుంది. ట్యాంకు చుట్టూ మెత్తని స్పాంజి చుట్టండి. అది లేకపోతే ఇంజను కంపనానికి లోపలి ఇంధనం నురగ కడుతుంది, నురగ అంటే గాలే. సైలెన్సర్ నుంచి వచ్చే ఒత్తిడి గొట్టం ఊడిపోయి ఉన్నా, దాని ముక్కు నల్లటి మడ్డితో మూసుకుపోయి ఉన్నా మీ లక్షణాలే కనిపిస్తాయి కాబట్టి ఒక సన్నని తీగతో దాన్నీ పొడిచి చూడండి.

ఇవన్నీ అయ్యాకే నీడిల్ దగ్గరికి రావాలి. ఎత్తిన ముక్కుకు ఇంధనం అందించలేని ట్యాంకు ఉన్నప్పుడు నీడిల్‌ను ఎక్కడ పెట్టినా తప్పే. నీడిల్‌ను పూర్తిగా మూసి, అక్కడి నుంచి రెండున్నర చుట్లు తెరిచి ఇంజను స్టార్ట్ చేయండి. థ్రోటిల్ పావు వంతు కంటే ఎక్కువ తెరిచి ఎప్పుడూ స్టార్ట్ చేయవద్దు. వేడెక్కడానికి అరనిమిషం ఇచ్చి, నెమ్మదిగా ఫుల్ థ్రోటిల్‌కు తెచ్చి, గ్లో బ్యాటరీ తీసేయండి. రిచ్‌గా ఉన్నప్పుడు శబ్దం బొంగురుగా, తెగుతూ తెగుతూ ఉంటుంది, ఎందుకంటే అప్పుడు ఇంజను ప్రతి చుట్టుకూ కాక చుట్టు విడిచి చుట్టుకు పేలుతుంది. నీడిల్‌ను ఒక్కొక్క క్లిక్ చొప్పున మూస్తూ పోతే ఒకచోట ఆ శబ్దం తెగడం మాని, గీసినట్టు ఏకధారగా సాగుతుంది. ఇంకా మూస్తే వేగం పెరిగి ఒక శిఖరానికి చేరుతుంది, ఆ తర్వాత ఇంకొక్క క్లిక్‌కే తగ్గడం మొదలవుతుంది. ప్రతి క్లిక్ తర్వాత ఐదారు సెకన్లు ఆగండి, మార్పు వెంటనే వినబడదు. చిన్న ఇంజనుల నీడిల్‌కు ఎనిమిదో వంతు చుట్టు కూడా పెద్ద మార్పే.

మీరు ఇక్కడే పొరపాటు చేశారని అనుమానిస్తున్నాను. నేల మీద గట్టిగా మోగుతోంది అని మీరు రాసిన మాట శిఖరం దగ్గరే వదిలేశారని చెబుతోంది. శిఖరం నుంచి నీడిల్‌ను వెనక్కి తెరిచి, వేగం 300 నుంచి 400 ఆర్‌పీఎం పడిపోయే చోట ఆపాలి. టాకోమీటర్ ఉంటే, ఉదాహరణకు శిఖరం 11,500 అయితే 11,100, 11,200 మధ్య ఉంచండి. లేకపోతే చెవితోనే చేయవచ్చు. ఫుల్ థ్రోటిల్‌లో ఇంధన గొట్టాన్ని వేళ్ళతో ఒక్క క్షణం నొక్కి వదలండి. వేగం కొద్దిగా పెరిగి మళ్ళీ దిగితే ఇంజను తగినంత రిచ్‌గా ఉంది. పెరగకుండా నేరుగా పడిపోతే అది ఇప్పటికే లీన్. చివరి పరీక్ష ముక్కు ఎత్తడం. ఒకరు విమానాన్ని వెనుక నుంచి గట్టిగా పట్టుకుని, ఫుల్ థ్రోటిల్‌లో ముక్కును దాదాపు నిలువుగా ఎత్తి పది సెకన్లు ఉంచాలి. శబ్దం అలాగే ఉంటే, లేదా కొద్దిగా పెరిగితే, ఎగురవేయవచ్చు. కుంగితే దించి రెండు క్లిక్‌లు తెరిచి మళ్ళీ చూడండి. ఈ పది సెకన్ల పరీక్ష చేయకుండా నేను ఏ విమానాన్నీ పరుగు తీయించను. గాలిలో సైలెన్సర్ వెనుక పలచటి తెల్లని పొగచార కనిపిస్తూ ఉండాలి. అది మాయమైతే వెంటనే థ్రోటిల్ తగ్గించి దించండి.

ఈ పరీక్షలన్నిటిలోనూ ప్రొపెల్లర్‌ను మరవకండి. 9 అంగుళాల ప్రొపెల్లర్ 12,000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంటే దాని అంచు గంటకు 500 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతూ ఉంటుంది. కంటికి కనిపించదు, అందుకే ప్రమాదం. స్టార్ట్ చేసేటప్పుడు వేలు కాకుండా కర్ర వాడండి. ఇంజను అందుకున్నాక విమానం వెనక్కి వచ్చి, గ్లో క్లిప్పు తీయడం, నీడిల్ తిప్పడం వెనుక నుంచే చేయండి. తిరిగే ప్రొపెల్లర్‌కు ఎదురుగా గాని, దాని పక్కల సూటిగా గాని ఎవరినీ నిలబడనివ్వకండి, ముఖ్యంగా చూడడానికి చుట్టూ చేరే పిల్లలను. ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పినప్పుడు అసాధారణంగా బిగుసుకుంటే సిలిండరులో ఇంధనం నిండిందని అర్థం. అప్పుడు ఎలక్ట్రిక్ స్టార్టర్‌తో బలవంతం చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ప్లగ్ విప్పి, ఇంధనం బయటికి పోయేదాకా తిప్పండి.

ఇప్పుడు ఐడిల్ సంగతి. మీ ఇంజను కార్బురేటర్ ఎయిర్ బ్లీడ్ రకానిది అని మీ వర్ణన చెబుతోంది, ఎందుకంటే ముందుభాగంలో ఒక చిన్న రంధ్రం, దానికి అడ్డంగా స్క్రూ ఉన్నాయని రాశారు. రెండు నీడిళ్ళు ఉండే కార్బురేటర్‌లో ఐడిల్ నీడిల్‌ను బిగిస్తే ఇంధనం తగ్గి లీన్ అవుతుంది. ఎయిర్ బ్లీడ్ రకంలో సరిగ్గా దానికి విరుద్ధం. ఆ రంధ్రం ఐడిల్‌లో అదనపు గాలిని లోపలికి పంపుతుంది, స్క్రూను బిగించే కొద్దీ రంధ్రం మూసుకుని గాలి తగ్గుతుంది, ఇంజను ఇంకా రిచ్ అవుతుంది. మీకు రిచ్‌గా ఉందని చెప్పినవారు సరిగ్గానే చెప్పారు, బిగించమన్నది మాత్రం వేరే రకం కార్బురేటర్‌కు వర్తించే మాట. గుడగుడలాడి ఇంధనం కార్చడం రిచ్‌కు గుర్తు. లీన్ అయి ఉంటే థ్రోటిల్ తెరిచిన క్షణంలోనే ఏ శబ్దమూ లేకుండా స్విచ్ తీసినట్టు ఆగిపోయేది.

స్క్రూను ఆ రంధ్రం సగం తెరుచుకుని కనిపించేదాకా వదులు చేయండి, అది మంచి ఆరంభ స్థానం. ముందు ఫుల్ థ్రోటిల్ నీడిల్‌ను పైన చెప్పినట్టు స్థిరపరిచి, ఆ తర్వాతే ఐడిల్‌కు రండి. క్రమం తారుమారైతే రెండూ కుదరవు. 2,500 నుంచి 3,000 ఆర్‌పీఎం మధ్య ఐడిల్‌లో ఉంచి ఇంధన గొట్టాన్ని నొక్కి పట్టుకోండి. రెండు మూడు సెకన్లలో వేగం కొద్దిగా పెరిగి ఆగిపోతే సరిగ్గా ఉంది. ఐదారు సెకన్లు దాటి, వేగం బాగా పెరిగి అప్పుడు ఆగితే ఇంకా రిచ్, స్క్రూను ఎనిమిదో వంతు చుట్టు వదులు చేయండి. నొక్కగానే ఆగితే లీన్, అంతే కొలత బిగించండి.

ప్లగ్ మార్చడం వృథా ఖర్చే అయినా, ఏ ప్లగ్ కొన్నారన్నది ముఖ్యం. మన దగ్గర ఇంధనంలో కలిపే నైట్రోమీథేన్ (నైట్రో) దొరకడం కష్టం, దొరికినా ఖరీదు, కాబట్టి చాలామంది నైట్రో లేని ఇంధనంతోనే ఎగురవేస్తారు. అందులో తప్పేమీ లేదు. అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య (ఎఫ్‌ఏఐ) కంట్రోల్ లైన్ స్పీడ్ పోటీలలో, అంటే తీగలతో పట్టుకుని తిప్పే విమానాల వేగ పోటీలలో, వాడే ఇంధనం కూడా 80 పాళ్ళు మిథనాల్, 20 పాళ్ళు ఆముదమే. నైట్రోమీథేన్ తనలోనే ఆక్సిజన్‌ను మోసుకొస్తుంది, అందుకే అది శక్తిని, ఐడిల్ నిలకడను పెంచుతుంది. అది లేనప్పుడు ఆ నిలకడ కోసం హాట్ రకం, అంటే తీగ వేడిని ఎక్కువగా నిలుపుకునే, ప్లగ్ పెట్టుకోవాలి. నైట్రో ఉన్న ఇంధనం నుంచి లేనిదానికి మారినప్పుడు నీడిల్‌ను కొంత మూయవలసి వస్తుంది, తిరిగి మారినప్పుడు తెరవవలసి వస్తుంది. ఈ మార్పు మరచిపోయి ఇంజనును తిట్టుకున్నవారిని చాలామందిని చూశాను.

నూనెను మాత్రం ఇరవై శాతం కంటే తగ్గించవద్దు. బాల్ బేరింగు లేని చిన్న ఇంజనుకు అది అవసరం. ఆముదం పండించే పాలమూరు, నల్లగొండ ప్రాంతాల వారికి ఇంటి దగ్గరే నూనె దొరుకుతుంది గాని, వంటాముదం వాడకూడదు. గింజలను వేయించి, దంచి, నీళ్ళలో కాచి తీసిన ఆ నూనెలో తేమ మిగిలి ఉంటుంది. గానుగ ఆడించి, వడకట్టిన స్వచ్ఛమైన ఆముదమే మిథనాల్‌లో కలపాలి. ఆముదం ఇంజను బయట గోధుమరంగు పొర కడుతుంది, అది చూసి కొందరు దాన్ని పూర్తిగా మానేస్తారు. అయితే ఇంజను పొరపాటున లీన్ అయినప్పుడు సింథటిక్ నూనెలు కాలిపోయే వేడి దగ్గర కూడా ఆముదం పొర పిస్టన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. నేర్చుకునేవారికి ఆ రక్షణ చాలా విలువైనది. ఇక మిథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. వానాకాలంలో మూత సరిగ్గా లేని డబ్బాలో మిగిలిన ఇంధనంతో ఇంజనును ట్యూన్ చేయడానికి ప్రయత్నించవద్దు, ఎంత తిప్పినా స్థిరపడదు. దీని మంట పగటి వెలుతురులో కనిపించదన్నది కూడా గుర్తుంచుకోండి. ఇంధనం ఒలికిన చోట గ్లో బ్యాటరీ పెట్టవద్దు.

ఊరు మారినా, ఋతువు మారినా నీడిల్ మారుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, అక్కడ గాలి తీరప్రాంతం కంటే ఆరు శాతం దాకా పలచన. 42 డిగ్రీల ఎండలోని గాలి 15 డిగ్రీల చలిలోని గాలి కంటే తొమ్మిది శాతం దాకా పలచన. హైదరాబాద్ మే నెలలో ట్యూన్ చేసిన ఇంజనును అలాగే తీసుకెళ్ళి డిసెంబరు ఉదయం విశాఖ దగ్గర ఎగురవేస్తే, చిక్కటి గాలికి సరిపడా ఇంధనం అందక లీన్ అవుతుంది. అందుకే నేను ఒక చిన్న నోటుపుస్తకంలో ఊరు, వేళ, ఎండ, ఇంధనం, నీడిల్ చుట్లు రాసుకుంటాను. పాత ఇంజనును ఏడాది తర్వాత తీసినా పది నిమిషాల్లో సర్దుకోగలుగుతున్నాను.

మళ్ళీ ఎగురవేసే ముందు బరువు మధ్యబిందువును ఖాళీ ట్యాంకుతోనే సరిచూసుకోండి. ట్యాంకు దానికి ముందు ఉంటుంది కాబట్టి ఇంధనం అయిపోయే కొద్దీ అది వెనక్కి జరుగుతుంది. రెక్క ముందు అంచు నుంచి రెక్క వెడల్పులో 25 నుంచి 30 శాతం మధ్య ఉంటే ట్రైనర్ నెమ్మదిగా, చెప్పిన మాట వింటూ ఎగురుతుంది. మొదటి ఎగురవేతలో నిటారుగా ఎక్కించకండి. నేలకు పదిహేను డిగ్రీల వాలుతో, గాలికి ఎదురుగా ఎక్కించి, ఎత్తు వచ్చాక థ్రోటిల్ సగానికి తగ్గించండి. ఒకవేళ ఇంజను మళ్ళీ ఆగితే వెంటనే ముక్కు దించి వేగం నిలబెట్టుకోండి. తక్కువ ఎత్తులో రన్‌వే వైపు వెనక్కి తిప్పాలని ఆశపడితే రెక్క పట్టు తప్పి విమానం పక్కకు పడిపోతుంది. ఎదురుగా ఏ చేను ఉంటే అందులోనే, రెక్కలు సమంగా ఉంచి దించండి. ప్రొపెల్లర్ విరిగితే విరగనీయండి, విమానం మిగులుతుంది.

స్థలం గురించి ఒక మాట చెప్పాలి. 2021 ఆగస్టు నుంచి అమలులో ఉన్న డ్రోన్ నిబంధనలు, వినోదం కోసం కంటిచూపు మేరలో ఎగురవేసే 25 కిలోల లోపు మోడల్ విమానాలను కూడా పరిధిలోకి తీసుకుంటాయి. మీ మైదానం ఆకుపచ్చ మండలంలో (ముందస్తు అనుమతి లేకుండా ఎగురవేయగల ప్రాంతంలో) ఉందో లేదో ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో చూసుకుని, 120 మీటర్ల ఎత్తు దాటకుండా ఎగురవేయండి.

రోజు ముగిశాక ట్యాంకులో మిగిలిన ఇంధనాన్ని సిరంజితో తీసేసి, ఇంజనును మళ్ళీ స్టార్ట్ చేసి గొట్టంలో ఉన్నది కూడా అయిపోయి తనంతట తాను ఆగేదాకా నడపండి. తర్వాత కార్బురేటర్‌లో నాలుగైదు చుక్కలు, ప్లగ్ రంధ్రంలో రెండు చుక్కలు పలచని మెషిన్ ఆయిల్ వేసి పదిసార్లు చేత్తో తిప్పి, ప్రొపెల్లర్ అడ్డంగా ఉండేలా ఆపి పెట్టండి. మిథనాల్ లాక్కున్న తేమ లోపల మిగిలితే బేరింగులు, షాఫ్టు తుప్పు పడతాయి. ముందుగా సిరంజి పరీక్ష చేసి, క్లంక్ ఎక్కడ ఉందో చూసి రాయండి. బుడగలు రాకపోతే ట్యాంకు మూత రబ్బరు ఫొటో, సైలెన్సర్ ఒత్తిడి గొట్టం ఫొటో పంపండి, అక్కడి నుంచి వెతుకుదాం.